బడికి వెళ్తున్నాడా? అని కూడా అడుగుదాం

పిల్లల ఓ.పి.లో మేము బరువు చూస్తాం, జ్వరం చూస్తాం, ఫిట్స్ మాత్రలు మానకుండా వేస్తున్నారా అని అడుగుతాం. పోయిన ఏడాది ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకొచ్చింది. రెండేళ్లుగా మా దగ్గరే మందులు. "ఏ క్లాసు బాబూ?" అని మా సిస్టరు ఒకరు మాటవరసకు అడిగితే వాడు తల దించుకున్నాడు. "క్లాసులో ఒకసారి మూర్ఛ వచ్చిందమ్మా. మాకు భయం, ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు" అంది తల్లి. రెండేళ్లు మందులిచ్చాం గాని ఆ మాట మేమూ అడగలేదు. తప్పు మాదీ ఉంది.

ఆ వారమే మాలో ఇద్దరం తల్లితోపాటు బడికి వెళ్లాం. టీచర్లది కోపం కాదు, భయం. మూర్ఛ వస్తే ఏం చేయాలో చూపించాం:

- పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. దగ్గర ఉన్న బల్లలు, కుర్చీలు జరపాలి. మెడ దగ్గర గుండీలు వదులు చేయాలి.
- గట్టిగా పట్టుకోకూడదు. నోట్లో చెంచా, నీళ్లు, ఏదీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెడితే మూర్ఛ ఆగదు.
- అయిదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

బడిలో పేరు రాసుకుంటే సరిపోదు. ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క సాయం కావాలి. చెవులు సరిగా వినపడని పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి, టీచరు బోర్డు వైపు కాక ఆమె వైపు తిరిగి మాట్లాడాలి. నడవలేని బిడ్డకు మెట్ల పక్కన ర్యాంపు, వెళ్లగలిగే మరుగుదొడ్డి ఉండాలి. నెమ్మదిగా నేర్చుకునే బిడ్డకు పాఠాన్ని చిన్న ముక్కలు చేసి చెప్పాలి.

ఇది దయ కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోగాని, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదివే హక్కు ఇచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లోని భవిత కేంద్రాలలో సహిత విద్య టీచర్లు ఉంటారు. ఫిజియోథెరపీ గురించి కూడా అక్కడ అడగండి.

ఆ బాబు మళ్లీ బడికి వెళ్తున్నాడు. చదువులో వెనకబడే ఉన్నాడు, టీచరు విడిగా కూర్చోబెట్టి నేర్పిస్తున్నారు. ఈమధ్య క్లాసులో మరోసారి మూర్ఛ వచ్చింది. ఈసారి తోటి పిల్లలే బల్ల జరిపి, వాడిని పక్కకు తిప్పారట. తేరుకున్నాక కాసేపు పడుకుని, సాయంత్రం అందరితోపాటే ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు మా ఓ.పి. చీటీలో ఒక వరుస చేర్చాం: బడికి వెళ్తున్నాడా? తల్లిదండ్రులారా, మేము అడగడం మరచిపోతే మీరే చెప్పండి.