సొల్యూషన్ పీల్చే పిల్లవాడు

సైకిలు ట్యూబుకు అతుకు వేయడానికి సొల్యూషన్ వాడతారు. అది మనందరికీ తెలిసిన వస్తువే. కొందరు పిల్లలు దాన్ని గుడ్డలో, కవర్లో పోసుకుని పీలుస్తున్నారు. వైట్‌నర్, పెయింటులో కలిపే థిన్నర్ కూడా పీలుస్తారు. వెంటనే మత్తు ఎక్కుతుంది. కాసేపు ఆకలి, దిగులు తెలియవు. అలా అలవాటు పడతారు.

ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి వాళ్ళు దేశమంతా సర్వే చేశారు. 2019లో లెక్క చెప్పారు. ఈ అలవాటు వల్ల సాయం అవసరమైన పిల్లలు సుమారు 4 లక్షల 60 వేల మంది.

ఎలా గుర్తుపట్టాలి?

బట్టల దగ్గర, నోటి దగ్గర ఘాటు వాసన వస్తుంది. మూతి చుట్టూ పొక్కులు లేస్తాయి. కళ్ళు ఎర్రబడతాయి. మాట తడబడుతుంది.

కొట్టవచ్చా?

మనకు కోపం వస్తుంది. కర్ర పట్టుకుని వెంటపడతాం. అక్కా, ఆ పని చేయకండి! మత్తులో ఉన్న పిల్లవాడు బెదిరినా, పరుగెత్తినా గుండె ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినా ఇలా జరగవచ్చు.

మరి ఏం చేయాలి?

1. మెల్లగా మాట్లాడి కూర్చోబెట్టండి.
2. తలుపులు, కిటికీలు తెరవండి. గాలి ఆడనివ్వండి.
3. పొయ్యి, బీడీ, అగ్గిపుల్ల దగ్గర ఉండకూడదు. సొల్యూషన్ ఇట్టే అంటుకుంటుంది.
4. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు వాంతి గొంతుకు అడ్డం పడదు. నోట్లో నీళ్ళు పోయకండి.
5. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏం పీల్చాడో దాచకుండా చెప్పండి.

మత్తు దిగాక

అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. "మానెయ్యి నాన్నా" అని చెప్పండి. కానీ ఒక్కరోజులో మానలేకపోవచ్చు. అందుకే ఇవి కూడా చెప్పండి: "తలకు కవరు తొడుక్కోకు. తలుపులు మూసుకుని ఒంటరిగా పీల్చకు. మందుతో కలపకు. తోటివాడు పడిపోతే వదిలి పారిపోకు, పెద్దవాళ్ళను పిలువు."

ఇలా చెబితే పీల్చమన్నట్టు కాదా? కాదు. బతికి ఉంటేనే కదా, రేపు మానేది!

14446కి ఫోన్ చేయండి. డబ్బు పడదు. మత్తు మాన్పించే కేంద్రం ఎక్కడ ఉందో చెబుతారు.

ఆలోచించండి: మీ వీధిలో పిల్లలకు సొల్యూషన్ ఎవరు అమ్ముతున్నారు? దాన్ని ఎలా ఆపాలి? మీ సంఘంలో మాట్లాడుకోండి.