మీకు తెలుసా? ఓడుతున్న కోచ్‌ను ఉంచాలా, పంపాలా?

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో యూనివర్సిటీ ఊళ్లన్నిటా ఒకటే చర్చ. మన ఫుట్‌బాల్ కోచ్‌ను ఇంకో ఏడాది చూద్దామా, ఇప్పుడే సాగనంపుదామా? ఈ ఫుట్‌బాల్ మనమాడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే ఆట. కాలేజీ జట్లు సాధారణంగా శనివారాల్లో తలపడతాయి. రెగ్యులర్ సీజన్‌లో ఉండేవి 12 మ్యాచ్‌లే కాబట్టి వరసగా నాలుగు ఓడితే ఆ ఏడాది మీద ఆశ వదులుకోవాల్సిందే. మన పిల్లలు వేలమంది చదువుకుంటున్న క్యాంపస్‌లలో ఏటా నడిచే ఈ వాదన గురించి కొన్ని సంగతులు.

ఆట రోజున స్టేడియమే ఒక నగరం

నెబ్రాస్కా యూనివర్సిటీకి లింకన్‌లో ఉన్న మెమోరియల్ స్టేడియంలో 1962 నవంబర్ నుంచి ప్రతి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడవుతూనే ఉన్నాయి. ఆట రోజున అక్కడ చేరే జనాన్ని లెక్కేస్తే ఒమాహా, లింకన్ తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద నగరం ఆ స్టేడియమే. ఆ రాష్ట్రానికి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో జట్టు లేదు. తాతల నాటి నుంచీ ఊరూవాడా సొంతం చేసుకున్నది ఈ కాలేజీ జట్టునే. కోచ్ భవిష్యత్తు గురించి జనం అంత పట్టుదలగా వాదించుకోవడానికి కారణం ఇదే.

గవర్నర్ కంటే కోచ్ జీతమే ఎక్కువ

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అత్యధిక జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగి గవర్నర్ కాదు, యూనివర్సిటీ ప్రెసిడెంటూ కాదు. ప్రభుత్వ యూనివర్సిటీ ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్. ఒప్పందం ముగియకముందే తీసేస్తే ఆయనకు పరిహారం కట్టాలి. దీన్నే బైఅవుట్ అంటారు. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ జింబో ఫిషర్‌ను తప్పించినప్పుడు ఈ మొత్తం 7.5 కోట్ల డాలర్లు దాటింది. మన డబ్బులో 600 కోట్ల రూపాయలకు పైమాటే. అలాగని ఆయన జట్టు పాతాళానికి పడిపోలేదు. ఆరు సీజన్లలో 45 గెలిచి 25 ఓడింది. ఆ జీతానికి ఆ గెలుపులు చాలవన్నదే అభిమానుల కోపం.

ఆ డబ్బు ఫీజుల్లోంచి కాదు

పిల్లల్ని అక్కడ చదివిస్తున్న తల్లిదండ్రులకు వెంటనే వచ్చే సందేహం ఇది. ఫిషర్ పరిహారాన్ని అథ్లెటిక్ విభాగం రాబడి, దాతల సంస్థ అయిన ట్వెల్ఫ్త్ మ్యాన్ ఫౌండేషన్ నిధులు తప్ప మరి దేన్నీ ముట్టుకోకుండా కడతామని యూనివర్సిటీ ప్రకటించింది. కోచ్‌ను మార్చాలా వద్దా అన్న వాదనలో పెద్ద దాతల మాట చెల్లుబాటు కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. టికెట్ కొన్న అభిమాని అరవగలడు. ఆ అరుపును నిర్ణయంగా మార్చేది చెక్కు రాసే చెయ్యి.

ఆరేళ్లు ఓడి, 23 ఏళ్లు నిలబెట్టిన కోచ్

ఓపిక పట్టమనే అభిమానులు ముందుగా చెప్పే పేరు ఫ్రాంక్ బీమర్. వర్జీనియా టెక్‌లో చదువుకుని, అక్కడే ఆడి, 1987లో అక్కడికే కోచ్‌గా వచ్చారు. ఆయన రాకముందు జరిగిన తప్పిదాలకు శిక్షగా జట్టుపై ఆంక్షలు పడ్డాయి, ఆటగాళ్ల స్కాలర్‌షిప్‌లకు కోత పడింది. మొదటి ఆరు సీజన్లలో 24 గెలుపులు, 40 ఓటములు, 2 డ్రాలు. ఆరో ఏడు 1992 మరీ ఘోరం. గెలిచినవి రెండే. ఆ ఏడాది రట్గర్స్ మీద 49 పాయింట్లు చేసి కూడా చివరి క్షణంలో 50-49తో ఓడారు.

ఆయన్ను పంపించేయాలని యూనివర్సిటీ ఉన్న బ్లాక్స్‌బర్గ్‌లో గట్టిగానే వినిపించింది. అథ్లెటిక్ డైరెక్టర్ డేవ్ బ్రెయిన్ తొందరపడలేదు. బీమర్‌ను ఉంచి, సహాయ కోచ్‌ల బృందంలో మార్పులు చేయించారు. మరుసటి ఏడాది జట్టు తొమ్మిది గెలిచింది, ఇండిపెండెన్స్ బౌల్‌లో ఇండియానాను 45-20తో ఓడించింది. అక్కణ్ణుంచి 2015లో బీమర్ రిటైరయ్యేదాకా వరసగా 23 ఏళ్లు సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్‌లకు అర్హత సాధించింది. 1999 సీజన్‌లో జాతీయ టైటిల్ మ్యాచ్ దాకా వెళ్లింది. 1992లో వేటు పడి ఉంటే వీటిలో ఏదీ ఆయన ఖాతాలో ఉండేది కాదు.

అయోవాలోనూ అదే కథ

కర్క్ ఫెరెంట్జ్ 1999లో అయోవా కోచ్ అయ్యారు. మొదటి ఏడాది ఒక్కటి గెలిచి పది ఓడారు. రెండో ఏడాది మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. నాలుగో ఏడు 2002లో 11 గెలిచి, తమ లీగ్ అయిన బిగ్ టెన్ టైటిల్ పంచుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో అదే జట్టుతో, బిగ్ టెన్‌లో అత్యధిక విజయాల కోచ్‌గా వూడీ హేస్ రికార్డును దాటేశారు.

ఓపిక ప్రతిసారీ ఫలించదు

రెండో వైపు కూడా చెప్పాలి. 1997లో నెబ్రాస్కాకు జాతీయ టైటిల్ తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ స్కాట్ ఫ్రాస్ట్ 2018లో కోచ్‌గా ఇంటికొచ్చారు. సొంత ఊరి బిడ్డ కాబట్టి జనం కడుపులో పెట్టుకున్నారు. 2021లో తొమ్మిది ఓడినా ప్రతి ఓటమీ పది పాయింట్లలోపు తేడాతోనే. ‘ఇంకొంచెమే, వచ్చే ఏడాది దాటేస్తాం’ అన్న ఆశతో యూనివర్సిటీ ఆయన్ను ఉంచింది, జీతం తగ్గించి.

2022 సెప్టెంబర్ 10న జార్జియా సదరన్ జట్టు వచ్చింది. సొంత మైదానంలో 35 పాయింట్లు, ఆపైన చేసిన 214 మ్యాచ్‌లలోనూ నెబ్రాస్కా అప్పటిదాకా ఓడిందే లేదు. ఆ రోజు 42 చేసింది. ఆఖరి నిమిషంలో ప్రత్యర్థి టచ్‌డౌన్ కొట్టి 45-42తో గెలిచింది. మర్నాడే ఫ్రాస్ట్‌ను తప్పించారు. అక్టోబర్ 1 దాకా ఆగి ఉంటే పరిహారం 1.5 కోట్ల డాలర్ల నుంచి 75 లక్షలకు తగ్గేది. మూడు వారాలు కూడా ఆగలేకపోయారంటే ఆ ఊళ్లో నమ్మకం ఎంతగా చచ్చిపోయిందో అర్థమవుతుంది. ఐదో సీజన్ మొదట్లోనే ముగిసిన ఆయన లెక్క 16 గెలుపులు, 31 ఓటములు.

తొమ్మిది గెలిచినా ఉద్వాసన

అదే నెబ్రాస్కా 2003లో ఫ్రాంక్ సోలిచ్‌ను తీసేసింది. అప్పటికి ఆ సీజన్‌లో తొమ్మిది గెలుపులు, మూడే ఓటములు. మొత్తం ఆరు సీజన్లలో 58 గెలిచి 19 ఓడారు. టైటిళ్లు గెలవడం లేదన్నదే ఫిర్యాదు. కొత్త కోచ్ తొలి ఏడాదే జట్టుకు గెలుపుల కంటే ఓటములు ఎక్కువయ్యాయి. 1961 తర్వాత అలా జరగడం అదే మొదలు. సోలిచ్ మాత్రం ఒహాయో యూనివర్సిటీకి వెళ్లి 115 విజయాలు సాధించారు.

లెక్కలు ఏమంటున్నాయి?

1997 నుంచి 2010 వరకు పెద్ద స్థాయి కాలేజీ జట్ల ఫలితాలను ముగ్గురు రాజనీతిశాస్త్ర పరిశోధకులు తిరగేశారు. బాగా అడుగున ఉన్న జట్లు కోచ్‌ను మార్చినా, మార్చకపోయినా తర్వాతి ఏళ్లలో పెద్ద తేడా కనిపించలేదు. ఓ మోస్తరుగా ఆడుతూ కోచ్‌ను మార్చిన జట్లయితే, మార్చకుండా ఓపిక పట్టిన వాటి కంటే వెనకబడ్డాయి. ‘ఎవరొచ్చినా ఇంతకంటే నయమే’ అన్న మాటకు ఈ లెక్కల్లో ఆధారం దొరకదు.

సీజన్ మధ్యలోనే వేటు ఎందుకు?

2017 నుంచి హైస్కూల్ ఆటగాళ్లు డిసెంబర్‌లోనే కాలేజీలతో ఒప్పందాలు చేసుకునే వీలు వచ్చింది. అప్పటికి కొత్త కోచ్ కుర్చీలో లేకపోతే మంచి కుర్రాళ్లు వేరే జట్లకు వెళ్లిపోతారు. అందుకే ఇప్పుడు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే వేట్లు పడుతున్నాయి. 2025 జనవరిలో జాతీయ సెమీఫైనల్ ఆడించిన పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను, వరసగా మూడు ఓడగానే అదే ఏడాది అక్టోబర్‌లో తీసేశారు. నెల తిరిగేసరికి ఆయన్ను పిలిచి పీట వేసింది ఎవరో తెలుసా? ఒకప్పుడు బీమర్‌తో ఓపిక పట్టిన వర్జీనియా టెక్.

దిష్టిబొమ్మలు, ఇటుక రాళ్లు

1974లో వెస్ట్ వర్జీనియా జట్టు నాలుగే గెలిచినందుకు కోచ్ బాబీ బౌడెన్ దిష్టిబొమ్మను క్యాంపస్‌లో వేలాడదీశారు. రెండేళ్లకు ఆయన ఫ్లోరిడా స్టేట్ చేరి, తర్వాతి కాలంలో ఆ జట్టుకు రెండు జాతీయ టైటిళ్లు అందించారు. 1988లో అలబామా ఒక మ్యాచ్ ఓడితే కోచ్ బిల్ కరీ ఆఫీసు కిటికీలోంచి ఇటుక దూసుకొచ్చింది. జట్టు మీద ప్రేమ ఉన్న వాళ్లు చేయాల్సిన పని కాదిది. కోచ్‌కూ భార్యాపిల్లలుంటారు. వాళ్లూ ఆ ఊళ్లోనే కూరగాయలు కొనాలి, ఆ ఊరి బడికే వెళ్లాలి.

తేల్చుకోవాల్సినవి మూడు

కోచ్‌ను తీసేయమని గొంతెత్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఓటమికి కారణం ఆయన చేతిలో ఉన్నదేనా, ఆంక్షలు, గాయాల లాంటివా? గడిచిన ఏడాదితో పోలిస్తే జట్టు మెరుగవుతోందా? ఆయన స్థానంలో రాగల మనిషి నిజంగా ఉన్నారా? మూడింటిలో రెండు కోచ్ వైపుంటే ఇంకో సీజన్ ఇవ్వడమే న్యాయం. మూడూ వ్యతిరేకంగా ఉంటే గౌరవంగా సాగనంపడం మంచిది. ఆ క్యాంపస్‌లలో చదువుకుంటున్న మన పిల్లలకూ చెప్పేది ఒకటే. శనివారం స్టేడియంకు వెళ్లండి, గొంతు పోయేలా అరవండి, ఆటనెంతైనా విమర్శించండి. మనిషిని, ఆయన కుటుంబాన్ని మాత్రం వదిలేయండి.