తిరుత్తణిలో పుట్టిన పాత్రకు ఇంటిపేరు ఉంటుందా?

సైన్స్ ఫిక్షన్ నవల మొదలుపెట్టిన కొత్త రచయితలు ఎక్కువగా రెండుచోట్ల ఆగిపోతుంటారు. ఒకటి, పాత్రలకు పేర్లు కుదరవు. రెండోది, మూడు అధ్యాయాలు జోరుగా సాగాక కథ ఎటు పోవాలో తోచదు. పైకి ఇవి వేరువేరు ఇబ్బందులు. నా లెక్కలో మాత్రం రెండింటికీ మూలం ఒకటే: ఊహించిన లోకానికి ముందుగా చరిత్ర రాసుకోకపోవడం. ఆ చరిత్ర చేతిలో ఉంటే పేర్లూ కథా అందులోంచే వస్తాయి. దీన్ని వివరించడానికి తిరుత్తణిని మించిన ఊరు లేదు.

1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టేనాటికి ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. అప్పుడు రాధాకృష్ణన్ దేశానికి ఉపరాష్ట్రపతి. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయింది, 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడింది. ఇన్ని మార్పులు జరిగినా సుబ్రహ్మణ్యస్వామి కొండ అక్కడే ఉంది, దాని 365 మెట్లూ అక్కడే ఉన్నాయి. 1940లో పుట్టి ఊరు దాటకుండా అక్కడే బతికిన ఒక అవ్వను ఊహించండి. ఇల్లు మారకుండానే ఆమె చిరునామా ఎన్నిసార్లు మారిందో! భవిష్యత్తును రాసేవారు గమనించాల్సింది ఇదే. లోకం మారినప్పుడు ఆ మార్పు ముందు కాగితాల్లో, బోర్డుల్లో, పేర్లలో కనబడుతుంది.

ఇక ఇంటిపేరు సంగతి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని ఊరు, ఆ కుటుంబం పూర్వీకులది. రాధాకృష్ణన్ పేరు ముందున్న 'ఎస్' ఆ ఊరి గుర్తు. పక్కింటి తమిళ కుర్రాడి పేరు ముందు కూడా 'ఎస్' ఉండొచ్చు, అది వాళ్ళ నాన్న సుబ్రమణిది. ఒకే అక్షరం, వెనక రెండు వేరువేరు వంశకథలు. మీ నవల 2090లో తిరుత్తణిలో నడుస్తోందనుకోండి. నాయిక తెలుగింటి అమ్మాయి. ఆమె పేరు ముందున్న అక్షరం ఎవరిది? అవ్వ ఇంటిపేరు వదల్లేదు, తండ్రి ఊరి వాడుకకు సర్దుకున్నాడు, ఈ పిల్ల అవ్వ దారినే మళ్ళీ ఎంచుకుంది అని నిర్ణయించుకుంటే చాలు. మూడు తరాల కథను గతంలోకి వెళ్ళి చెప్పనక్కర్లేదు, ఆ ఒక్క అక్షరమే చెబుతుంది.

పెద్ద రచయితలు ఈ అక్షరాన్ని బాగా వాడుకున్నారు. 1954లో వచ్చిన అసిమోవ్ నవల 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'లో ఆర్. డానీల్ ఓలివా అనే డిటెక్టివ్ ఉంటాడు. చూడటానికి అచ్చం మనిషే. ఆ 'ఆర్' అంటే రోబో. యంత్రాలంటే జనానికి ఉన్న అనుమానమంతా ఆ ఇనీషియల్‌లోనే ఉంది. తమిళంలో సుజాత రాసిన 'ఎన్ ఇనియ ఇయందిరా' పాత్రల్ని చూడండి. నిలా, శిబి, రవి, జీవా, రోబో కుక్క జీనో. అన్నీ రెండక్షరాలే, అన్నీ నోటికి తెలిసినట్టుండేవే. నోరు తిరగని పేరు పెడితేనే భవిష్యత్తు అనిపిస్తుందన్న భ్రమ మనవాళ్ళలో చాలామందికి ఉంది. అది వదులుకోవాలి. మనవడికి తాత పేరు పెట్టే అలవాటున్న జాతి మనది. 2100లో కూడా ఒక మునిరత్నం ఉంటాడు, తిరువళ్లూరు అమ్మవారి పేరున ఒక కనకవల్లి ఉంటుంది. వాళ్ళ పక్కన ఒకటో రెండో కొత్త పేర్లుంటే సరిపోతుంది. ఇంకొక్క మాట: రాజేశ్, రమేశ్, రాకేశ్ అని ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పెడితే ఇరవయ్యో పేజీకల్లా చదివేవాళ్ళు తికమకపడతారు.

ఇప్పుడు కథ. తిరువళ్లూరు దగ్గర కొసస్థలై నది మీద పూండి జలాశయం ఉంది, 1944లో కట్టారు. 1983 ఒప్పందంతో రూపుదిద్దుకున్న తెలుగుగంగ పథకం కింద కృష్ణా నీళ్ళు కండలేరు నుంచి సుమారు 177 కిలోమీటర్ల కాలువలో ఇక్కడికి వస్తాయి. మొదటిసారి వచ్చింది 1996లో. ఈ నిజాలకు ఒక్క మార్పు చేర్చండి: 2090లో ఏ తూము ఎప్పుడు తెరవాలో ఒక యంత్రం నిర్ణయిస్తుంది, రెండు రాష్ట్రాలూ దానికి ఒప్పుకున్నాయి. ఒక్క మార్పే, రెండోది వద్దు. ఆఫీసు ఆ యంత్రానికి ఒక నంబరు ఇస్తుంది. కాలువ మీద పనిచేసే తెలుగు లస్కర్లు దాన్ని 'కరణం' అంటారు, పూండివైపు వాళ్ళు అదే మాటను తమిళంలో 'కణక్కుపిళ్ళై' అంటారు. యంత్రం మీద జనానికి ఎంత నమ్మకముందో, ఎంత భయముందో వివరించే పేజీలు ఇక అక్కర్లేదు.

తర్వాత ముగింపు రాసుకోండి. ఉదాహరణకు, కరువు ఏడాదిలో కనకవల్లి అనే లస్కరు యంత్రం మాట కాదని తూము తెరుస్తుంది. అక్కణ్ణించి వెనక్కి ప్రశ్నలు వేసుకుంటూ రండి. ఎందుకు తెరిచింది? నీళ్ళు ఎవరికి తగ్గాయి? అంతకుముందు యంత్రం మాట నిజమైన సందర్భం ఏది? అయిదారు మలుపులు తేలితే చాలు, ప్రతి అధ్యాయాన్నీ ముందే గీసుకోవద్దు. పాత్రలు ఎదురు తిరగడానికి చోటుండాలి.

పూండి పక్కనే అత్తిరంపాక్కం ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బృందం గుర్తించిన ఆ చోట దొరికిన రాతి పనిముట్లు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో పరిశోధకులు ప్రకటించారు. అంత గొప్ప సంగతి దొరికితే నవలను అక్కణ్ణించే మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ రాయి ముగింపును మార్చేదైతే ఉంచండి. లేకపోతే మరో నవలకు దాచుకోండి.

తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్లూరు ప్రాంతాల తెలుగువాళ్ళకు నాదొక మనవి. మీ ఇళ్ళలోని పాత పట్టాలు, పెళ్ళి శుభలేఖలు బయటికి తీయండి. వాటిలో ఉన్న పేర్లన్నీ ఏడాదులతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. మీ నవలకు మొదటి పేజీ అదే.