కరెంటు పోయే ఊళ్లో గేమింగ్ కంప్యూటర్: కొనాలా, బిగించుకోవాలా?

ఉత్తరాంధ్ర పెద్దలు మయన్మార్‌లోని యాంగన్‌ను ‘రంగం’ అనేవారు. బతుకుతెరువు కోసం మనవాళ్లు ఓడెక్కి వెళ్లిన ఊరది. ఇప్పుడక్కడ గేమింగ్ కంప్యూటర్ కావాలనుకునే పిల్లలకు మొదటి చిక్కు కరెంటే. 2021 తర్వాత కోతలు బాగా పెరిగాయి.

ఆట మధ్యలో కరెంటు పోతే? పవర్ సప్లై డబ్బాలో బొటనవేలంత లావు కెపాసిటర్ ఉంటుంది. అందులో దాచుకున్న విద్యుత్తు కంప్యూటర్‌ను సుమారు 16 మిల్లీసెకన్లు నిలబెడుతుంది. ఆలోపు యూపీఎస్ అందుకుంటే ఆట ఆగదు. చవక డబ్బాలో కెపాసిటర్ చిన్నది. యూపీఎస్ అందుకునేలోపే తెర నల్లబడవచ్చు. పైగా గ్రాఫిక్స్ కార్డు ఒక్కోసారి క్షణకాలం రెట్టింపు కరెంటు లాగేస్తుంది!

రెడీమేడ్ కంప్యూటర్లలో తరచు ఖర్చు తగ్గించేది ఈ డబ్బా మీదే. ఎందుకంటే కొనేవాళ్లు అడిగేది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పేర్లే. అందుకే నా ఓటు సొంతంగా బిగించుకోవడానికే. స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక ఉంటే చాలు. ర్యామ్‌ను గాడిలో నిలబెట్టి, ‘టిక్’మని వినపడేదాకా నొక్కాలి. మొదటిసారి చెయ్యి వణుకుతుంది, ఫరవాలేదు.

రెడీమేడ్‌లో సుఖం వారంటీ. ఏది చెడినా ఒక్క దుకాణానికే వెళ్తాం. బిగించుకుంటే చెడిన భాగమేదో మనమే కనిపెట్టాలి. అంత తీరిక లేకపోతే కొనండి. కానీ డబ్బు కట్టేముందు కంప్యూటర్ పక్క మూత తీయించి, పవర్ సప్లై మీది చీటీలో కంపెనీ పేరు, వాట్లు చదవండి.