అమెరికాలో చదువుతూ ఇంటర్న్‌షిప్: సీపీటీ గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు



"మా పెద్దబ్బాయి ఎం.ఎస్.కు అమెరికా వెళ్తున్నాడు మేడమ్. అక్కడ చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చట కదా?" పేరెంట్స్ మీటింగుల్లో ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. పొలం తాకట్టు పెట్టి లోను తెచ్చే ఇంట్లో ఆ మాట ఎంత ఆశ పెడుతుందో మనకు తెలుసు. అందుకే అసలు నిబంధన ఏమిటో చూద్దాం.

ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థి కోర్సులో భాగంగా కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయడానికి ఇచ్చే అనుమతినే కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్, అంటే సీపీటీ అంటారు. మా బీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీస్ లాంటిదే. బడికి వెళ్లి పాఠాలు చెప్పకపోతే డిగ్రీ రాదు. అలాగని కాలేజీ మొహం చూడకుండా టీచరు ఉద్యోగం చేసుకుంటే దాన్ని బీఎడ్ అనరు కదా!

ముఖ్యమైన నిబంధనలు ఇవి:

• మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే సీపీటీ ఇస్తారు. మొదట్లోనే ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన కొన్ని పీజీ కోర్సులకు మాత్రమే మినహాయింపు. "డే వన్ సీపీటీ" అని ప్రచారం చేసేది దీన్నే.

• యూనివర్సిటీ అధికారి ఐ-20 పత్రంలో కంపెనీ పేరు, తేదీలు నమోదు చేశాకే పనిలో చేరాలి.

• ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే, ఆ డిగ్రీ తర్వాత రావాల్సిన ఓపీటీ అవకాశం పోతుంది.

ఈ మినహాయింపును అమ్ముకునేవాళ్ల వల్ల మన పిల్లలు రెండుసార్లు దెబ్బతిన్నారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై అధికారులు దాడి చేశారు. అందులోని విద్యార్థుల్లో చాలామంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. యూనివర్సిటీ యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వంతు వచ్చింది. అక్కడ టీచర్లు లేరు, క్లాసులు లేవు. దొంగ అడ్మిషన్లను పట్టుకోవడానికి అమెరికా అధికారులే దాన్ని నడిపారు. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. దానికి వెబ్‌సైటు ఉంది, ప్రభుత్వం ఆమోదించిన సంస్థల జాబితాలో పేరు కూడా ఉంది. కాబట్టి జాబితాలో పేరు చూసి ఊరుకుంటే చాలదు.

డబ్బు కట్టే ముందు కన్సల్టెన్సీని ఈ ప్రశ్నలు అడగండి: క్లాసులు వారంలో ఎన్ని రోజులు, ఎక్కడ జరుగుతాయి? పాఠం చెప్పేదెవరు? ఇంటర్న్‌షిప్ ఏ సబ్జెక్టుకు సంబంధించింది, దానికి మార్కులు ఎవరు వేస్తారు? జవాబు చదువు మీదికి రాకుండా ఉద్యోగం, జీతం చుట్టూనే తిరుగుతుంటే అక్కడే ఆగిపోండి.

మరో మాట. ఐ-20ని, యూనివర్సిటీ పంపే ఈమెయిళ్లను కన్సల్టెన్సీవాళ్లు చదివి చెబితే విని ఊరుకోకుండా, మీ అబ్బాయి లేదా అమ్మాయి స్వయంగా చదివి మీకు తెలుగులో వివరించాలి. వివరించలేకపోతే ప్రయాణానికి ఇంకా సిద్ధం కానట్టే. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం చదివే అలవాటు మన పిల్లలకు హైస్కూల్లోనే మొదలవ్వాలి. ఈ నెల ఇంటికి వచ్చే ఫీజు రసీదుతోనే మొదలుపెట్టండి. దాన్ని మీ పిల్లల చేత చదివించి, అర్థం చెప్పమనండి.