సాదా తిండి - చైనా పెద్దల జీవన సూత్రం

హాస్టల్లో చదువుకున్నవాళ్ళు పదేళ్ళ తర్వాత కలుసుకున్నా ముందుగా గుర్తు చేసుకునేది తిండినే. పలచటి పప్పు, నీళ్ళ చారు, ఆదివారం గుడ్డు, గంట కొట్టగానే పళ్ళెం పట్టుకుని లైన్లోకి పరుగు... ఇవి లేకుండా మన కబుర్లు మొదలుకావు. ఆ రోజుల్లో కూర బాగోలేదని ఎవరైనా అంటే పెద్దవాళ్ళు ఒక మాట అనేవారు: "చదువుకునేవాడికి రుచులెందుకురా? గొప్పవాళ్ళంతా గంజి తాగే చదువుకున్నారు." ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోయేవాళ్ళం. అందులో కొంత నిజం ఉందనిపించేది. ఎక్కడో ఒక తప్పు కూడా ఉందనిపించేది.

ఈ విషయం మీద చాలాకాలం, చాలా లోతుగా ఆలోచించినవాళ్ళు చైనా పెద్దలు. సాదాగా తినడాన్ని వాళ్ళు మనిషి బతుకు తీరుగా చూశారు. వాళ్ళు చెప్పినదేమిటో తెలుసుకుంటే మన పాత ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుందని మా నమ్మకం.

అన్నం ముందు, కూర తర్వాత

చైనీయుల భోజనంలో రెండు భాగాలుంటాయి. ఒకటి 'ఫాన్', రెండోది 'ట్సాయ్'. ఫాన్ అంటే అన్నం, లేదా ఏ ధాన్యంతోనైనా చేసిన ప్రధానమైన తిండి. ట్సాయ్ అంటే దానితో కలిపి తినే కూరలు, మాంసం, చేపలు. కడుపు నింపేది ఫాన్. ట్సాయ్ అన్నం లోపలికి దిగడానికి నంజుకునేది. ఉత్తర చైనాలో పూర్వం అన్నమంటే మన కొర్రల లాంటి చిరుధాన్యాల అన్నమే. వరి అన్నం అక్కడ కలిగినవాళ్ళ భోజనం. చైనా ప్రాచీన వైద్య గ్రంథం 'హువాంగ్‌డి నెయ్‌జింగ్' కూడా శరీరాన్ని పోషించేది ధాన్యమని, పండ్లు, మాంసం, కూరగాయలు దానికి తోడ్పడేవని వివరిస్తుంది.

మనం ఎదురైనవారిని "భోంచేశారా?" అని పలకరించినట్టే అక్కడా "తిన్నావా?" అని పలకరించుకోవడం ఉంది. కరువులు ఎరిగిన దేశాల్లో అంతకంటే పెద్ద కుశలప్రశ్న ఏముంటుంది?

కన్ఫ్యూషియస్ మెచ్చిన శిష్యుడు

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551 నుండి 479 వరకు జీవించాడు. ఆయన శిష్యుల్లో అందరికంటే ఆయనకు ఇష్టమైనవాడు యన్ హుయి. ఇరుకు సందులో కాపురం. తినడానికి ఒక వెదురు బుట్టలో కాస్త అన్నం, తాగడానికి సొరకాయ బుర్రలో నీళ్ళు. అటువంటి బతుకును మరొకరైతే భరించలేరని, ఇతని సంతోషం మాత్రం చెక్కుచెదరలేదని గురువు మెచ్చుకున్నాడు. ముతక తిండి తిని, నీళ్ళు తాగి, మోచెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నా ఆనందం ఉంటుందని, అన్యాయంగా వచ్చే సిరి తనకు తేలిపోయే మబ్బు లాంటిదని కూడా ఆయన చెప్పుకున్నాడు. జ్ఞానం కోరుతూ, చెడ్డ బట్టకు, చెడ్డ తిండికి సిగ్గుపడేవాడితో మాట్లాడి ప్రయోజనం లేదన్నది ఆయన అభిప్రాయం.

అలాగని కన్ఫ్యూషియస్ రుచిని ద్వేషించినవాడు కాదు. శుభ్రంగా దంచిన బియ్యాన్ని, సన్నగా తరిగిన మాంసాన్ని ఆయన ఇష్టపడ్డాడు. పాడైన అన్నాన్ని, రంగు మారిన, వాసన వేసే పదార్థాన్ని తినేవాడు కాదని ఆయన శిష్యులు రాసిపెట్టారు. ఇది మనం గుర్తుంచుకోవలసిన సంగతి. సాదా తిండి వేరు, పాడైన తిండి వేరు.

ఆ తర్వాత తావో మార్గానికి మూలమైన 'తావో తే చింగ్' ఇంకో కోణం చూపింది. రుచులు మితిమీరితే నాలుక మొద్దుబారుతుందనీ, రుచిలేనట్టు కనిపించే దానిలోని రుచిని పట్టుకోవాలనీ ఆ గ్రంథం బోధిస్తుంది. బాగా ఆకలేసినప్పుడు ఒట్టి అన్నంలోని తీపి తెలుస్తుంది కదా, ఇదీ అటువంటిదే.

గంజిని నాలుగు ముక్కలు చేసిన విద్యార్థి

మన హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినవాడు ఫాన్ ఝోంగ్‌యాన్ (989-1052). సోంగ్ రాజవంశ కాలంవాడు. పసితనంలోనే తండ్రి చనిపోయాడు. తల్లి మారుమనువు చేసుకుంది. ఒక బౌద్ధాలయంలో ఉండి చదువుకునే రోజుల్లో రాత్రి ఒక కుండలో గంజి కాచి పెట్టుకునేవాడు. చలికి అది గడ్డకట్టేది. దాన్ని కత్తితో నాలుగు ముక్కలుగా కోసి, పొద్దున రెండు, సాయంత్రం రెండు తినేవాడు. నంజుకోవడానికి తరిగిన ఊరగాయ ఆకు కాస్త. చైనా భాషలో ఇది సామెతగా కూడా నిలిచిపోయింది.

తర్వాత ఇంగ్‌టియాన్ విద్యాలయంలో ఉన్నప్పుడు ఒక అధికారి కొడుకు అతని అవస్థ చూసి ఇంటినుండి మంచి భోజనం తెచ్చిపెట్టాడు. అది పాడైపోయినా ఫాన్ ముట్టలేదు. ఎందుకని అడిగితే, ఇవాళ ఈ రుచి మరిగితే రేపటి నుంచి నా గంజి నాకు ఎలా దిగుతుందన్న అర్థంలో బదులిచ్చాడు. 1015లో అత్యున్నతమైన రాజ్య పరీక్షలో నెగ్గాడు. 1043లో మంత్రి స్థాయికి చేరి పాలనా సంస్కరణలు తలపెట్టాడు. పదవి వచ్చాక కూడా అతిథులు వస్తే తప్ప ఆ ఇంట్లో రెండు రకాల మాంసం వండేవారు కాదు.

సు షి లెక్క

అదే కాలానికి చెందిన మహాకవి సు షి (1037-1101) తన కవితల్లో ప్రభుత్వాన్ని విమర్శించాడన్న నేరం మీద జైలుకు వెళ్ళి, 1080లో హువాంగ్‌ఝౌ అనే ఊరికి ప్రవాసం వెళ్ళాడు. రాబడి పడిపోయింది, కుటుంబం పెద్దది. అప్పుడు ఒక ఉపాయం చేశాడు. ప్రతి నెలా ఒకటో తారీకున 4,500 నాణాలు తీసి, 30 భాగాలు చేసి, దూలానికి వేలాడదీసేవాడు. రోజూ పొద్దున్నే కొక్కెం కర్రతో ఒక భాగం, అంటే 150 నాణాలు, కిందికి దించి కర్రను దాచేసేవాడు. ఆ రోజు ఖర్చుపెట్టగా మిగిలింది ఒక వెదురు గొట్టంలో వేసి, అతిథుల కోసం ఉంచేవాడు. నెలాఖరుకు జేబులు తడుముకునే మనకు ఈ లెక్క బాగా పనికొస్తుంది! ఆ ఊళ్ళో కలిగినవాళ్ళు ముట్టని చవక పంది మాంసాన్ని తక్కువ నీళ్ళతో, సన్న మంట మీద ఓపికగా వండుకుని ఇష్టంగా తిన్నాడు. చవకదైనా సరే శ్రద్ధగా వండుకోవాలన్నది ఆయన పద్ధతి.

ఆయన మిత్రుడు, కవి హువాంగ్ టింగ్‌జియాన్ (1045-1105) బౌద్ధ భిక్షువుల ఆచారాన్ని అనుసరించి, భోజనానికి ముందు తలచుకోవలసిన ఐదు విషయాలను చదువుకున్న అధికారుల కోసం రాశాడు. ఈ అన్నం వెనుక ఎందరి కష్టం ఉంది? దీనికి తగిన పని నేను చేశానా? నా మనసులో అత్యాశ ఉందా? ఇది దేహాన్ని నిలబెట్టే మందు అని గుర్తుందా? తిని నేను సాధించవలసిన పని ఏమిటి? ఇదీ వాటి సారాంశం. చైనాలోని బౌద్ధాలయాల్లో భోజనశాలను ఇప్పటికీ 'ఐదు తలపుల శాల' అని పిలుస్తారు.

18వ శతాబ్దపు రచయిత యువాన్ మెయ్ తన వంటల పుస్తకంలో (1792) 'చెవులతో తినడం', 'కళ్ళతో తినడం' అనే రెండు జబ్బులను ఎగతాళి చేశాడు. ఖరీదైన పేరు విని గొప్పకోసం తినడం మొదటిది. బల్ల నిండా పళ్ళేలు పరిచి మురిసిపోవడం రెండోది. సరిగా వండిన టోఫు ఖరీదైన పక్షిగూడు వంటకం కంటే ఎంతో మేలంటాడాయన. మన పెళ్ళి విందుల్లో ఈ రెండు జబ్బులూ లేవని ఎవరైనా అనగలరా?

ఎవరికి చెప్పిన మాట?

ఇంతవరకు చదివినవారు "అయితే మాకు నీళ్ళ పప్పు పోసినవాళ్ళది తప్పు కాదన్నమాట" అనుకోవచ్చు. అసలు విషయం ఇక్కడే ఉంది.

పైన చెప్పిన వారంతా ఆ నియమాన్ని తమకు తాము పెట్టుకున్నారు. ఎదుటివాడి పళ్ళెంలో తగ్గించమని వాళ్ళెవరూ చెప్పలేదు. హువాంగ్ తన ప్రశ్నలు వేసింది రాజ్యం నుంచి జీతం తీసుకునే అధికారులకు. "ఈ అన్నానికి నేను తగినవాడినా?" అని ఆకలితో వచ్చిన పిల్లవాడు సిగ్గుపడవలసిన పని లేదు.

కన్ఫ్యూషియస్ మార్గంలోనే వచ్చిన మెన్షియస్ (క్రీ.పూ. 4వ శతాబ్దం) ఈ తేడాను రాజు ముఖం మీదే చెప్పాడు. రాజు వంటశాలలో కొవ్విన మాంసం, సాలలో బలిసిన గుర్రాలు ఉండి, దారుల్లో జనం ఆకలితో చస్తుంటే అది మృగాలను మనుషుల మీదికి తోలడంతో సమానమన్నాడు. బతుకుతెరువు లేకపోయినా మనసు నిలుపుకోవడం చదువుకున్న కొద్దిమందికే సాధ్యమని, సామాన్య ప్రజలకు ముందు బతుకుతెరువు చూపించి తర్వాతే నీతులు చెప్పాలని ఆయన వాదం. డెబ్బై ఏళ్ళవాళ్ళు మాంసం తినగలిగేలా ఉండాలన్నది ఆయన కోరిన పాలనకు ఒక గుర్తు.

గంజి ముక్కలు తిన్న ఫాన్ ఝోంగ్‌యాన్ చివరి దశలో ఏం చేశాడో చూడండి. సుఝౌలో వెయ్యి 'మూ'లకు పైగా పొలం కొని తన వంశంవారి కోసం ధర్మ క్షేత్రంగా పెట్టాడు. 1050లో దానికి నియమాలు రాశాడు. ఐదేళ్ళు దాటిన ఆడ, మగ అందరికీ తలకు రోజుకు ఒక షెంగ్ కొలత చొప్పున బియ్యం ఇవ్వాలి. బట్టలకు, పెళ్ళిళ్ళకు, చావులకు కూడా సాయం చెయ్యాలి. ఆ ఏర్పాటు 20వ శతాబ్దం దాకా ఏదో ఒక రూపంలో నిలిచింది. "నేను గంజి తాగి చదివాను, మీరూ తాగండి" అని ఆయన అనలేదు. తాను పడిన ఆకలి తనవాళ్ళు పడకూడదనుకున్నాడు.

ఈ తేడా మరిచిపోతే ఎంత నష్టమో చైనా చరిత్రే చూపింది. 1959-61 మధ్య, దొంగ దిగుబడి లెక్కలు నమ్మి పల్లెల నుంచి ధాన్యం తీసుకుపోవడంతో ఊరుమ్మడి భోజనశాలలు ఖాళీ అయ్యాయి. కోట్లమంది చనిపోయారు. దాన్ని ఎవరూ నిరాడంబరత అనలేరు. ఆ తర్వాత సంపద పెరిగి, విందుల్లో వృథా పెరిగింది. 2013లో 'పళ్ళెం ఖాళీ చేద్దాం' అనే ప్రచారం సాగింది. 2021 ఏప్రిల్‌లో ఆహార వృథాను అరికట్టే చట్టమే వచ్చింది.

మిత్రులారా, మన పాత ప్రశ్నకు జవాబు ఇదే అనుకుంటున్నాం. సాదాగా తినడం మంచిదే. అది ఎవరికి వారు ఎంచుకోవలసిన గుణం. ఇంకొకరి పళ్ళేన్ని కొలిచే తూకం కాదు. అన్నంలో పురుగు కనిపిస్తే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నోరు తెరిచి అడగాలి. కన్ఫ్యూషియస్ కూడా దాన్ని తినేవాడు కాదు! మంచి అన్నం పెడితే మెతుకు పారెయ్యకూడదు. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు ఇంట్లో ఎంత సాదాగా తిన్నా, ఏడాదికోసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక పని చెయ్యాలని మా కోరిక. వేదిక దిగిన తర్వాత "మేమూ ఇదే తిని పైకొచ్చాం" అని చెప్పి వెళ్ళిపోకుండా, వంటగదిలోకి వెళ్ళి గిన్నె మూత తీసి చూడండి. తర్వాత పిల్లలతో పాటు లైన్లో నిలబడి, అదే పళ్ళెంలో అదే అన్నం తినండి.