రాట్నం తిప్పిన పియానో

1952లో లండన్‌లో చేసిన జర్మన్ పాటల రికార్డును బెజవాడలో కూర్చుని వింటే, మన పద్యనాటకం హార్మోనిస్టు ఎందుకు గుర్తొస్తాడు?

ఈ ముఖచిత్ర కథనం అప్పగిస్తూ ఆదివారం డెస్కు ఇన్‌ఛార్జి ఒకటే మాటన్నారు: "సోప్రానో, పియానో, జర్మన్ పాటలు... ఏ వైపు నుంచైనా రండి గురువుగారూ. గుడివాడలో చదివేవాడికి మాత్రం 'నాకెందుకిది' అనిపించకూడదు." ఆ ప్రశ్న ముందు నాకే వచ్చింది. ఘంటసాల పద్యాలు, బాలమురళి తత్వాలు విని పెరిగిన చెవికి సోప్రానో, అంటే అన్నిటికన్నా పైస్థాయి ఆడగొంతు, తొందరగా ఎక్కదు. గమకం ఉండదు, కంపం ఉంటుంది. మాట అర్థం కాదు. అందుకే గొంతును కాసేపు పక్కనపెట్టి పియానో వెంట పడ్డాను. కథ అక్కడే దొరికింది.

అట్ట మీద రెండు పేర్లు

రికార్డు 1952 అక్టోబరులో లండన్ అబే రోడ్ స్టూడియోలో తయారైంది. పన్నెండు పాటలూ ఫ్రాంజ్ షూబర్ట్ స్వరపరచినవే. పాడింది ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్, అప్పటికి 36 ఏళ్లు. పియానో ఎడ్విన్ ఫిషర్, 66 ఏళ్లవాడు. బాఖ్ రాసిన 48 ప్రెల్యూడ్‌లు, ఫ్యూగులు మొత్తాన్ని లోకంలో మొదటిసారి రికార్డు చేసిన ఘనత ఆయనది. అంతటి విద్వాంసుడు ఒక గాయని పక్కన కూర్చుని వాయించాడు. ఆయన పేరు అడుగున చిన్న అక్షరాల్లోకి పోలేదు, ఆమె పేరుతో పాటే అట్టకెక్కింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పనుంది.

పన్నెండింటిలో నన్ను ఆపేసింది ఒక్క పాట, 'రాట్నం దగ్గర గ్రెచెన్'. ఈ వ్యాసంలో ఎక్కువ జాగా దానిదే. మిగిలిన పదకొండింటికీ క్షమాపణలు.

మూడున్నర నిమిషాల నాటకం

ఈ పాట గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోది. చదువంతా చదివి విసిగిపోయిన పండితుడు ఫౌస్ట్ సైతానుతో ఒప్పందం చేసుకుంటాడు, యౌవనం తిరిగి తెచ్చుకుంటాడు, గ్రెచెన్ అనే అమాయకపు పిల్ల మనసు దోచుకుంటాడు. ఆ పిల్ల తన గదిలో ఒంటరిగా నూలు వడుకుతూ తనలో తాను మాట్లాడుకునే ఘట్టం ఇది. 1814 అక్టోబరు 19న వియన్నాలో షూబర్ట్ దీనికి సంగీతం కట్టాడు. అప్పుడతని వయసు 17. తండ్రి నడిపే బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే ఉద్యోగం.

పాట మొదలవకముందే పియానో మొదలవుతుంది. కుడిచేతిలో ఒక చిన్న స్వరాల గుత్తి గిర్రున తిరుగుతూ ఉంటుంది, అది రాట్నం చక్రం. ఎడమచేతిలో ఆగి ఆగి తగిలే చిన్న దెబ్బలు. మన రాట్నం చేత్తో తిప్పేది. జర్మన్ ఇళ్లలో రాట్నానికి కాలితో తొక్కే పలక ఉండేది. ఆ తొక్కుడే ఈ దెబ్బలు. అంటే గ్రెచెన్ నోరు విప్పక ముందే ఆమె చేతులేం చేస్తున్నాయో, కాలేం చేస్తోందో మనకు తెలిసిపోయింది. తెర లేచినట్టే లెక్క.

ఆ తర్వాత గొంతు వస్తుంది. నెమ్మది పోయిందన్న బాధ మొదట. చక్రం ఒకే వేగంతో తిరుగుతుంటుంది. క్రమంగా ఆమె తలపు అతని వైపు మళ్లుతుంది. నడక, నిలువెత్తు రూపం, నవ్వు, చూపు, మాట తీరు, చెయ్యి పట్టుకోవడం, ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే శ్రుతి మెట్టు మెట్టుగా పైకి పోతుంది. ఇక్కడ ఫిషర్ ఎడమచేతిని గమనించండి. ఆ తొక్కుడు దెబ్బలు లేవు. పిల్ల కాలు ఆడించడం మరిచిపోయింది! ఆ సంగతి ఆమె చెప్పదు, పాటలో ఏ మాటా చెప్పదు. పియానో ఒక్కటే చెబుతుంది.

చివరికి ముద్దు గుర్తొస్తుంది. గొంతు అరుపులాంటి స్వరం మీద నిలిచిపోతుంది. పియానో పూర్తిగా ఆగిపోతుంది. రాట్నం ఆగింది.

తర్వాత వచ్చే కొద్ది క్షణాల కోసమే ఈ రికార్డు వెతుక్కుని వినాలి. గ్రెచెన్‌కు తెలివి వస్తుంది. చక్రం తిప్పబోతుంది, కాస్త కదిలి ఆగుతుంది. మళ్లీ తిప్పుతుంది, మళ్లీ తడబడుతుంది. ఆ తర్వాతగానీ పాత వేగం అందుకోదు. ఆ తడబాటును ఫిషర్ వేళ్లు ఎంత సహజంగా పట్టుకున్నాయంటే, చేతికి నూలు తగులుతోందేమో అనిపిస్తుంది. ష్వార్జ్‌కోఫ్ కూడా తొందరపడదు, చక్రం కుదుటపడేదాకా ఆగి అప్పుడు మాట అందుకుంటుంది. పాట ముగింపులో షూబర్ట్ సొంతంగా ఒక పని చేశాడు. గోథే పద్యం కోరికతో, ఉద్వేగంతో ముగుస్తుంది. షూబర్ట్ మాత్రం మొదటి మాటలను మళ్లీ తెచ్చి పెట్టాడు. పిల్ల ఎక్కడ మొదలెట్టిందో అక్కడికే చేరింది. ఆమెకు దారి లేదని కవి కంటే ముందు సంగీతకారుడు తేల్చేశాడు.

ష్వార్జ్‌కోఫ్ గొంతు మీద నా ఫిర్యాదు నాకుంది. ఒక్కో మాటనూ మెరుగుపెట్టి మరీ పలుకుతుంది. పల్లెపిల్ల గదిలోకి నగర గాయని వచ్చి కూర్చున్నట్టుంటుంది. ఫిషర్ వాయించే తీరు మాత్రం ఎక్కడా ప్రదర్శన కాదు. ఈ రికార్డులో నటి పియానోయే అంటాను.

> పెట్టె 1: ముగ్గురు మనుషులు
> ఫ్రాంజ్ షూబర్ట్ (1797–1828): బతికింది 31 ఏళ్లు, కట్టిన పాటలు 600కు పైనే. 1816లో మిత్రుడు ష్పౌన్ ఈ పాట కూడా ఉన్న కట్టను గోథేకు పంపితే జవాబు లేకుండా వెనక్కి వచ్చింది. షూబర్ట్ పోయాక, 1830లో ఒక గాయని అతని 'ఎర్ల్‌కింగ్' పాట పాడి వినిపిస్తే గోథే కదిలిపోయాడు.
> ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్ (1915–2006): 1940లో నాజీ పార్టీలో చేరింది. ఆ మచ్చ ఆమెను చివరిదాకా వదల్లేదు. వినేవాళ్లు తెలిసి వినడం మంచిది.
> ఎడ్విన్ ఫిషర్ (1886–1960): స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టిన పియానో విద్వాంసుడు, గొప్ప గురువు.

డెల్టాలో ఆ జంట

ఒక గొంతు, ఒక మెట్ల వాద్యం, మధ్యలో ఒక నాటకపు పాత్ర. ఇది మనకు తెలియనిదా? తెనాలి, బాపట్ల, గుడివాడ, బందరు వైపు తెల్లవార్లూ పద్యనాటకం చూసిన ఎవరినడిగినా చెబుతారు. స్టేజీ పక్కన హార్మోనిస్టు. నటుడికి శ్రుతి ఇస్తాడు, రాగం ఛాయ ముందుగా చూపిస్తాడు. నటుడు ఊపిరి తీసుకునే సందులో తాను అందుకుంటాడు. 'వన్స్ మోర్' అని కేకలు లేస్తే నటుడి ముఖం చూసి, ఓపిక ఉందో లేదో కనిపెట్టి మళ్లీ ఎత్తుకుంటాడు.

సోప్రానో మాటకొస్తే బాపట్ల స్థానం నరసింహారావు (1902–1971) ఉండనే ఉన్నారు. మగవాడై స్త్రీ పాత్రలకు ప్రాణం పోశారు. ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ వేషం కట్టి, 'మీరజాలగలడా' పాటను తానే రాసి పాడారు. నాటక కవి ఇచ్చిన పాత్రకు మరొకరు పాట కట్టడం, ఆ పాట నాటకాన్ని దాటి రికార్డుల్లోకి, తర్వాత 1966 సినిమాలో సుశీల గొంతులోకి పోయి తనంతట తాను బతకడం, గ్రెచెన్ పాట నడిచిన దారీ ఇదే. తేడా పాత్రల్లో ఉంది. గ్రెచెన్ మనసు చేజారి కుంగిపోయింది, సత్య మాత్రం కృష్ణుడు తన గుప్పిట్లో ఉన్నాడన్న ధీమాలో ఉంది.

ఇంకో పెద్ద తేడా కూడా చెప్పుకోవాలి. షూబర్ట్ పాటలో పియానో వాయించే ప్రతి స్వరమూ కాగితం మీద ఉంటుంది. మన హార్మోనిస్టుకు కాగితం లేదు. నటుడు ఈ రాత్రి మోహన ఎంతసేపు తీస్తాడో ఆయనకు ముందు తెలియదు. అక్కడ తెలివి స్వరకర్తది, ఇక్కడ తెలివి వాయించేవాడిది. అందుకే అక్కడి స్వరకర్త పేరు మిగిలింది, ఇక్కడ వాయించినవాడి పేరు పోయింది.

చరిత్ర రెండు ముక్కల్లో: హార్మోనియానికి 1842లో పారిస్‌లో డెబేన్ పేటెంటు తీసుకున్నాడు. కాలితో తొక్కేదాన్ని చేత్తో ఊదేదిగా కలకత్తాలో మార్చారు. 1880లలో ధార్వాడ కంపెనీ నాటకాలు మన ఊళ్లకొచ్చాక తెలుగు రంగస్థలం పాట పట్టింది. బెజవాడ దగ్గర మైలవరం జమీందారు నాటక సమాజం, కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, గ్రామఫోను పళ్లేలు... ఒక తరం ఆ పద్యాల మీదే బతికింది.

రేడియో వేసిన కత్తెర

ఈ జంటను విడదీసింది ప్రేక్షకుడు కాదు, ఆకాశవాణి. గమకం పలకదు, శ్రుతులు బిగుసుకుపోయి ఉంటాయి అని 1940 మార్చి 1 నుంచి హార్మోనియాన్ని ప్రసారాల్లోంచి తీసేశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నారు. 1970ల మొదట్లోగానీ సడలింపు రాలేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంటే మన స్టేషను పుట్టుకతోనే హార్మోనియం లేని స్టేషను.

అక్కడ పూసిన లలిత సంగీతం తక్కువదేమీ కాదు. బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) తానే రాసి తానే బాణీ కట్టగల అరుదైన మనిషి. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రంలో టంగుటూరి సూర్యకుమారి పాడిన స్వాతంత్ర్య గీతం ఆయనదే. తర్వాత విజయవాడ కేంద్రానికి డైరెక్టరుగా వచ్చారు. కృష్ణశాస్త్రి భావగీతాలు, నండూరి ఎంకి పాటలు కవిత్వంలో జర్మన్ పాటలకు ఏ మాత్రం తీసిపోవు. లేనిదల్లా ఒక ఫిషర్. వీణ, వేణువు, వయొలిన్, తబలా చరణాల మధ్య జాగా నింపుతాయి. చరణం వచ్చేసరికి గొంతు వెనక సర్దుకుంటాయి. ఎంకి ఎదురుచూస్తుంటే ఆమె చేతులేం చేస్తున్నాయో ఏ వాద్యమూ మనకు చెప్పదు. హార్మోనియానికి గమకం రాదన్న మాట నిజమే. పాత్రతో పాటు ఊపిరి తీసే విద్య మాత్రం దానికొచ్చు. ఆ విద్యను స్టూడియో గడప అవతలే ఉంచేశారు.

> పెట్టె 2: మిగిలిన సంగతులు
> • శకుంతల: విలియం జోన్స్ 1789లో ఆంగ్లంలోకి, ఫోర్‌స్టర్ 1791లో జర్మన్‌లోకి తెచ్చిన కాళిదాసు నాటకం గోథేను ఊపేసింది. 'ఫౌస్ట్' ముందుండే రంగస్థల ప్రస్తావనకు మన సూత్రధారుడే స్ఫూర్తి అంటారు. షూబర్ట్ 1820లో శకుంతల మీద ఆపెరా మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు.
> • బెజవాడ రాట్నం: 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇక్కడ జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం కోటి రూపాయల తిలక్ నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టింది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా చూపించిందీ అప్పుడే.
> • జర్మనీలో పుట్టిన లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. ఆస్ట్రియా పల్లెలో 1818లో తొలిసారి జర్మన్‌లో పాడిన క్రిస్మస్ పాట 'సైలెంట్ నైట్'ను డెల్టా చర్చిల్లో ఇప్పటికీ డిసెంబరు వస్తే తెలుగులో పాడతారు.

ఎలా వినాలి, ఏం చెయ్యాలి

మొదటిసారి పియానో ఒక్కటే వినండి. రెండోసారి గొంతు. మూడోసారి రెండూ కలిపి. ఆ వెంటనే మీకిష్టమైన పాత రంగస్థల పద్యం ఒకటి పెట్టుకుని, ఈసారి నటుణ్ని వదిలేసి హార్మోనియం వెంట పొండి. అదే చెవితో.

ఇప్పుడు మొదట చెప్పిన అట్ట సంగతి. మన ఊళ్లో నాటకం కరపత్రం మీద 'హార్మోనియం: ఫలానా' అని అచ్చేస్తారు, ఆ మర్యాద పల్లెకు తెలుసు. 78 ఆర్‌పీఎం రికార్డుల లేబుళ్ల మీద, వాటిని నకలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ల వివరాల్లో ఆ పేరు కనిపించడం అరుదు. బెజవాడ హనుమంతరాయ గ్రంథాలయంలో ఇవాళ్టికీ పద్యం పాడించేవాళ్లకు, సెల్‌ఫోనుతో దాన్ని చిత్రీకరించి పెట్టేవాళ్లకు నా విన్నపం ఒకటే. డోలక్కు, కీబోర్డు హంగు లేకుండా ఒక గొంతు, ఒక హార్మోనియం మాత్రమే ఉంచి నాలుగు పద్యాలు రికార్డు చెయ్యండి. పాడినవారి పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో, వాయించినవారి పేరూ వెయ్యండి.